తుపాకీతో సరిహద్దు దాటాలంటే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వేట సీజను దగ్గరపడింది. అమెరికా, కెనడాల్లో ఉంటున్న మనవాళ్ల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి: రైఫిల్‌తో సరిహద్దు దాటడం ఎలా? అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఒక మాట ముందే చెప్పాలి. ఉత్తరాలన్నీ తుపాకీ గురించే అడుగుతున్నాయి. సరిహద్దు దగ్గర మాత్రం ముందు మీ గురించి అడుగుతారు. గ్రీన్‌కార్డా, హెచ్-1బీనా, పౌరసత్వమా అన్నదాన్ని బట్టి జవాబే మారిపోతుంది. పక్కింటాయన వెళ్లొచ్చాడు గదా అని బయల్దేరకండి.

ప్రశ్న: నాకు గ్రీన్‌కార్డు ఉంది, భారత పాస్‌పోర్టు. అక్టోబరులో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో మూస్ (పెద్ద జాతి దుప్పి) వేటకు ఔట్‌ఫిట్టర్‌తో (వేట ఏర్పాట్లు చేసిపెట్టేవాడు) మాట్లాడుకున్నాను. నా సొంత .30-06 క్యాలిబరు బోల్టు యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగి తోసేది) తీసుకెళ్లాలి. ఏ కాగితం ముందు, ఏది వెనక? – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ముందు వేట లైసెన్సు సంగతి చూడండి, తుపాకీ కాగితాలు తరవాత. బ్రిటిష్ కొలంబియాలో బయటి దేశంవాళ్లు పెద్ద జంతువుల వేటకు సొంతంగా అడవిలోకి వెళ్లడానికి లేదు. లైసెన్సున్న గైడ్ ఔట్‌ఫిట్టర్ వెంట ఉండాలి (ప్రత్యేక అనుమతి మీద స్థానికుడు వెంట వచ్చే పద్ధతి ఒకటుంది, అది అందరికీ దొరకదు). ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ పేర వేటగాడి గుర్తింపు నంబరు తీసుకోవాలి. ఆ నంబరు వచ్చాకే వేట లైసెన్సు, దానిమీద మూస్‌కు విడిగా ఇంకో లైసెన్సు. ఇవి చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి ఎండాకాలంలోనే మొదలుపెట్టండి. టెక్సస్‌లో తీసుకున్న హంటర్ ఎడ్యుకేషన్ కార్డు అసలుదే దగ్గర పెట్టుకోండి, ఫోటో కాపీ సరిపోదు అనే చోట్లు ఉంటాయి.

మీ ప్రయాణ పత్రాల సంగతి తేలిక. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 26 నుంచి ఈటీఏ (విమానంలో వచ్చేవాళ్లు ముందే తీసుకోవాల్సిన ఆన్‌లైన్ అనుమతి) కూడా తీసేశారు. చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు రెండూ చేతిలో ఉంటే చాలు.

ఇక రైఫిల్. దీనికి మూడు మెట్లు ఉన్నాయి, మొదటి రెండూ అమెరికా వైపువే. చాలామంది మూడోదాని గురించే విని ఉంటారు.

మొదటిది, బయల్దేరడానికి కనీసం రెండు మూడు వారాల ముందు అమెరికా కస్టమ్స్ ఆఫీసుకు ఫోన్ చేసి సమయం కనుక్కుని, రైఫిల్‌ను తాళం వేసిన పెట్టెలో పెట్టుకుని వెళ్లండి. ఫారం 4457 అని ఒకటిస్తారు. రైఫిల్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు అందులో రాస్తారు, అధికారి తుపాకీ మీద నంబరు తన కళ్లతో చూసి ముద్ర వేస్తాడు. డబ్బులేం కట్టనక్కర్లేదు. "ఈ వస్తువు నేను ఇక్కడినుంచే తీసుకెళ్లాను, బయట కొన్నది కాదు" అని తిరుగు ప్రయాణంలో రుజువు ఇదే. స్కోపు (రైఫిల్ మీద బిగించే, గురి చూసే దూరదర్శిని), బైనాక్యులర్ల నంబర్లు కూడా అందులోనే రాయించండి. ఖరీదైన స్కోపు మీద సుంకం అడిగితే అప్పుడు రసీదు కోసం మెయిళ్లు వెతుక్కునే బాధ ఉండదు.

రెండోది, తుపాకీ అమెరికా నుంచి బయటికి పోవడం అంటే చట్టం దృష్టిలో ఎగుమతి. పౌరులకు, గ్రీన్‌కార్డువాళ్లకు సామానుగా తీసుకెళ్లే మినహాయింపు ఉంది: మూడు తుపాకుల దాకా, 1,000 తూటాల దాకా, మళ్లీ వెనక్కి తెచ్చే షరతు మీద. దానికి విడిగా దరఖాస్తు ఏమీ లేదు. కానీ వెళ్లేటప్పుడు అమెరికా కస్టమ్స్‌కు చూపించి, ఆ మినహాయింపు కింద తీసుకెళ్తున్నానని చెప్పాలి. కారులో వెళ్లేవాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు. అమెరికా నుంచి బయటికి పోయే కారును మామూలుగా ఎవరూ ఆపరు, నేరుగా కెనడా బూత్ దగ్గర తేలతారు. కాబట్టి వంతెన ఎక్కకముందే పక్కకు తీసి ఆఫీసులోకి వెళ్లండి.

మూడోది కెనడా ఫారం, ఆర్‌సీఎంపీ (కెనడా కేంద్ర పోలీసు) 5589. 18 ఏళ్లు నిండిన విదేశీయులు నాన్-రిస్ట్రిక్టెడ్ (ప్రత్యేక ఆంక్షలు లేని) తరగతి రైఫిల్, షాట్‌గన్ తెచ్చుకోవడానికి నింపాల్సిన డిక్లరేషన్ ఇది. ఫీజు 25 కెనడా డాలర్ల దగ్గర ఉంటుంది. తుపాకీ ఒకటైనా రెండైనా అదే ఫీజు, మూడు దాటితే 5590 అనే అదనపు కాగితం జతచేయాలి. అధికారి సంతకం పెట్టాక అదే 60 రోజులపాటు మీ లైసెన్సు. ఇంట్లో నింపుకుని వెళ్లండి, సంతకం మాత్రం పెట్టకండి. అది అధికారి ఎదుటే పెట్టాలి. ముందే పెట్టి తీసుకెళ్తే మళ్లీ కొత్తది నింపమంటారు, వెనక లైను మొత్తం మిమ్మల్నే చూస్తుంటుంది.

ఆ ఫారంలో బ్యారెల్ పొడవు అడుగుతారు. బోల్టు మూసి, మూతి నుంచి బోల్టు ముఖం దాకా కొలవాలి: శుభ్రం చేసే కడ్డీని మెల్లగా లోపలికి ఆనేదాకా దింపి, మూతి దగ్గర టేపు గుర్తు పెట్టి, బయటికి తీసి కొలవండి. కొలిచేముందు చాంబరు (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలుపెట్టి తడిమి మరీ నిర్ధారించుకోండి. 22 అంగుళాలంటే 559 మిల్లీమీటర్లు. కేటలాగులో ఉన్న అంకె కాకుండా కొలిచిన అంకె రాయండి.

తూటాలు వేట కోసం 200 దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. మూస్ వేటకు 60 తీసుకెళ్తే ధారాళం. కెనడాలో బసచేసే చోట రైఫిల్‌కు ట్రిగ్గర్ లాకు వేయండి, లేదా బోల్టు తీసి వేరే చోట పెట్టండి. తూటాలు దాని పక్కనే చేతికందేలా ఉండకూడదు. టీ తాగడానికి కారు వదిలి వెళ్లినా సరే, రైఫిల్ డిక్కీలో, తాళం వేసి, బయటికి కనపడకుండా ఉండాలి.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద ఉన్నాను. వేట లైసెన్సు చూపించి ఇక్కడే చట్టబద్ధంగా రైఫిల్ కొన్నాను. అది తీసుకుని కెనడా వెళ్లొచ్చా? – సియాటిల్ పాఠకుడు

జవాబు: వద్దు. రైఫిల్ ఇక్కడే వదిలి వెళ్లండి, మీరు వెళ్లండి.

కారణం పైన చెప్పిన ఎగుమతి మినహాయింపులోనే ఉంది. అది పౌరులకు, గ్రీన్‌కార్డువాళ్లకు మాత్రమే. వీసా మీద ఉన్నవాళ్లు బయటినుంచి అమెరికాకు చట్టబద్ధంగా తెచ్చుకున్న తుపాకీని తిరిగి తీసుకెళ్లడానికి వీలుంది తప్ప, ఇక్కడ కొన్న రైఫిల్‌ను ఆ దారిలో బయటికి తీసుకెళ్లడం కుదరదు. విడిగా ఎగుమతి లైసెన్సు తెచ్చుకోవాలి. ఒక వారం వేటకు అంత తతంగం దండగ.

పైగా దానికి అవసరమూ లేదు. కెనడాలో లైసెన్సున్న పెద్దమనిషి పక్కనే ఉండి నేరుగా కనిపెట్టి చూస్తుంటే, ఆయన తుపాకీ వాడటానికి మీకు లైసెన్సు అక్కర్లేదు. గైడ్ కనుచూపు దాటి మీరొక్కరే కూర్చోవాలంటే మాత్రం 60 రోజుల తాత్కాలిక అరువు లైసెన్సు ముందుగా తీసుకోవాలి, దానికి ఔట్‌ఫిట్టరే దారి చూపిస్తాడు. డబ్బు కట్టేముందే ఆయనకు మూడు ప్రశ్నలు రాసి పంపండి: ఏ రైఫిల్, ఏ క్యాలిబరు? స్టాకు (భుజానికి ఆనించే కొయ్య) పొడవు ఎంత? మొదటిరోజు గురి చూసుకోవడానికి ఎన్ని తూటాలు ఇస్తారు? మూడోదానికి "అక్కర్లేదు, గురి కరెక్టుగానే ఉంది" అని జవాబొస్తే ఇంకో ఔట్‌ఫిట్టర్‌ను చూసుకోండి. ఒకరి కంటికి కుదిరిన స్కోపు ఇంకొకరికి కుదరకపోవడం మామూలే.

మీకు భారత పాస్‌పోర్టు కాబట్టి కెనడా విజిటర్ వీసా తప్పనిసరి. తిరిగొచ్చేటప్పుడు అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉన్నా, కెనడాలో 30 రోజుల లోపే ఉండి, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే పత్రం) గడువు ఇంకా ఉండి, అక్కడ కొత్త స్టాంపుకు దరఖాస్తు చేయకుండా ఉంటే లోపలికి రానిచ్చే వెసులుబాటు ఉంది. ఐ-94 ప్రింటు, కొత్త ఐ-797 (హెచ్-1బీ మంజూరు నోటీసు) దగ్గర పెట్టుకోండి.

మీరు అడగలేదు గానీ అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఆ నిషేధానికి మినహాయింపు. "చెల్లుబాటులో ఉన్న" అన్న మాట కింద గీత గీసుకోండి. వాషింగ్టన్ రాష్ట్ర లైసెన్సు మార్చి 31తో అయిపోతుంది, టెక్సస్‌ది ఆగస్టు 31తో. మర్నాటి నుంచి మీ బీరువాలో ఉన్న రైఫిలే నేరం. వేట సీజను ఉన్నా లేకపోయినా ఆ తేదీకి ముందే కొత్తది కొనండి. చేపలు పట్టే లైసెన్సు దీనికి పనికిరాదు. ఎఫ్-1 మీద ఉన్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది, మీ తమ్ముడో బావమరిదో చదువుకుంటూ మీ ఇంట్లో ఉంటే వాళ్లకు కూడా చెప్పండి.

ప్రశ్న: ఎలుగుబంట్లు తిరిగే చోటు కదా, రక్షణకు నడుముకి పిస్తోలు పెట్టుకోవచ్చా? ఏఆర్-15 కూడా ఉంది నా దగ్గర. – మిన్నియాపొలిస్

జవాబు: రెండూ ఇంట్లోనే ఉంచండి. కెనడాలో చేతి తుపాకుల మీద 2022 అక్టోబరు 21 నుంచి దేశమంతటా స్తంభన (కొనడం, అమ్మడం, తేవడం ఆపేయడం) ఉంది. ఏఆర్-15, మినీ-14 లాంటివి 2020 మే 1న సుమారు 1,500 మోడళ్ల నిషేధంలో పోయాయి. 2024 డిసెంబరు 5న మరో 324, 2025 మార్చి 7న ఇంకో 179 మోడళ్లు ఆ జాబితాలో చేరాయి. సెమీ ఆటోమేటిక్ ఏదైనా సరే, వెళ్లే వారంలో జాబితా చూసుకోవాల్సిందే. బోల్టు యాక్షన్ అయితే ఈ గొడవ దాదాపు లేదు. సైలెన్సరు (సప్రెసరు అన్నా అదే) కెనడాలో పూర్తిగా నిషిద్ధం. అమెరికాలో పన్ను కట్టి కొన్నాను అంటే వినరు.

ఎలుగుబంటికి బేర్ స్ప్రే మేలు. డబ్బా మీద జంతువులకని రాసి ఉన్నదే తీసుకోవాలి, మనుషుల మీద వాడేదైతే నిషిద్ధ ఆయుధం కిందికి వస్తుంది. విమానంలో ఏ సామానులోనూ ఎక్కనివ్వరు, దిగాక అక్కడే కొనండి.

ప్రశ్న: విమానంలో రైఫిల్ పంపడం ఇదే మొదటిసారి. పెట్టె, తాళాలు, తూటాల సంగతి వివరంగా చెప్పండి. – ఆస్టిన్

జవాబు: గట్టి పెట్టె, నాలుగు తాళం రంధ్రాలున్నది. ప్రతి రంధ్రానికీ తాళం వేయండి. రెండే వేస్తే మూల పట్టుకుని లాగినప్పుడు సందు వస్తుంది, వేళ్లు దూరే సందుంటే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఇంట్లోనే లాగి చూసుకోండి. తాళాలు మామూలు ఇత్తడివే మంచిది, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. సూట్‌కేసులకు వాడే, టీఎస్ఏ (అమెరికా విమానాశ్రయ తనిఖీ సంస్థ) వాళ్ల దగ్గర మారుచెవి ఉండే తాళాలకు అనుమతి ఉంది గానీ, తుపాకీ పెట్టెకు అవి మేం సిఫారసు చేయం.

రైఫిల్ ఖాళీగా, బోల్టు తీసి పక్కన అదే పెట్టెలో. చెకిన్ కౌంటర్లో "తుపాకీ ఉంది, డిక్లేర్ చేయాలి" అని నిదానంగా చెప్పండి. చిన్న కార్డు మీద సంతకం చేయించి పెట్టెలో పెట్టిస్తారు. తరవాత తనిఖీ అయ్యేదాకా అక్కడే ఉండండి, పెట్టె తెరవాల్సి వస్తే మిమ్మల్ని పిలవాలి గదా. తూటాలు కంపెనీ అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ పెట్టెలోనో, ఒక్కోటీ ఒక్కో గడిలో కదలకుండా ఉండాలి. విమాన సంస్థలు మామూలుగా మనిషికి 5 కిలోలు ఒప్పుకుంటాయి. .30-06 తూటా ఒకటి 27 గ్రాముల దాకా ఉంటుంది, 60 తూటాలు పెట్టెలతో కలిపి రెండు కిలోలు దాటవు. పెట్టె బరువు 23 కిలోలు మించకుండా చూసుకోండి, లేదంటే ఆ డబ్బుతో ఇంకో పెట్టె తూటాలు వస్తాయి. విడిగా తుపాకీ మందు, ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందును అంటించేవి) ఎక్కనివ్వరు.

స్కోపు విడిగా ఉంటే చేతిసంచిలో పెట్టుకోవచ్చు. కానీ తూటా మాత్రం చేతిసంచిలో ఉండకూడదు.

కనెక్షన్ విమానాలున్నవాళ్లకు: కెనడాలో మొదట దిగే ఊర్లోనే (బ్రిటిష్ కొలంబియాకైతే మామూలుగా వాంకూవర్) రైఫిల్ తీసుకుని కస్టమ్స్ ఫారం పని ముగించి, మళ్లీ చెకిన్ చేయాలి. మధ్యలో మూడు నాలుగు గంటలు లేకపోతే తరవాతి విమానం తప్పిపోతుంది. తిరుగు ప్రయాణంలో వాంకూవర్, క్యాల్గరీ, టొరంటో లాంటి చోట్ల అమెరికా తనిఖీ కెనడా గడ్డ మీదే జరుగుతుంది, కాబట్టి 4457 రైఫిల్ పెట్టెలో కాకుండా మీ జేబులో ఉండాలి.

ప్రశ్న: రేంజిలో 100 గజాల దగ్గర గుండు మధ్యలోనే పడుతోంది. ఇంకేం చూసుకోవాలి? అక్కడ చలి సున్నాకు 15, 20 డిగ్రీల కింద ఉంటుందట. – హ్యూస్టన్

జవాబు: బెంచి మీద ఇసుకసంచి ఆనించి కొట్టినదానికీ, బూట్లు మంచులో కూరుకుపోయి ఊపిరి ఎగపోస్తూ కొట్టినదానికీ పోలిక లేదు. ముందు రైఫిల్ సంగతి, తరవాత మీ సంగతి.

రైఫిల్: స్కోపు రింగుల మర మేకులు 15 నుంచి 20 అంగుళ-పౌండ్ల బిగువు ఉండాలి. టార్క్ రెంచి లేకుండా చేత్తో బిగిస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. బిగించాక మర తల మీద నుంచి రింగు మీదికి గోళ్లరంగుతో సన్నటి గీత గీయండి. విమానం దిగాక ఆ గీత విరిగి కనిపిస్తే మర తిరిగిందన్నమాట. ఒక్క చూపుతో తేలిపోతుంది. స్టాకును పట్టి ఉంచే రెండు మేకులకు కూడా ఇదే పని చేయండి. ప్రయాణంలో గురి చెడడానికి ఇవి వదులవడమే చాలాసార్లు కారణం.

గురి: .30-06లో 180 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు సుమారు సెకనుకు 2,700 అడుగుల వేగంతో పోతుంది. 100 గజాలకు గురి కుదిర్చితే 200 దగ్గర సుమారు 4 అంగుళాలు, 300 దగ్గర 14, 15 అంగుళాలు కిందికి పోతుంది. అదే 200కు కుదిర్చితే 100 దగ్గర 2 అంగుళాలు పైన, 300 దగ్గర ఎనిమిదిన్నర కింద. మూస్ వేటకు రెండోదే సుఖం: 250 గజాల దాకా గుండె మీద పెట్టి కొట్టొచ్చు, లెక్కలు అక్కర్లేదు. మగ మూస్ అంటే మన కణుజుకు రెట్టింపు బరువుండే దుప్పి, ఊపిరితిత్తుల చోటు పెద్దదే. అయినా ఆ ధైర్యంతో దూరం పెంచకండి.

క్లిక్కుల (స్కోపు గురిని జరిపే మరను తిప్పినప్పుడు వచ్చే మెట్లు) దగ్గర ఒక తప్పు తరచూ జరుగుతుంది. స్కోపు మీద పావు అంగుళం క్లిక్కు అని రాసి ఉన్నది 100 గజాలకు. 25 గజాల దగ్గర అదే క్లిక్కు అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది. 25 దగ్గర గుండు అంగుళం కింద పడితే 4 కాదు, 16 క్లిక్కులు తిప్పాలి. దిగిన ఊళ్లో రేంజి మీటర్లలో ఉంటే 100 మీటర్లంటే 109 గజాలని కూడా గుర్తుంచుకోండి.

దిగాక చల్లటి బ్యారెల్‌తో మూడు గుళ్లు, ఒక్కోదానికీ మధ్య ఐదారు నిమిషాలు ఆగి కొట్టండి. మీకు కావాల్సింది మొదటి గుండు ఎక్కడ పడిందన్నది, ఎందుకంటే మూస్ మీద కొట్టేది అదే. నూనె పూసిన బ్యారెల్‌లో మొదటి గుండు పక్కకు పోవచ్చు కాబట్టి కాల్చేముందు పొడిగా తుడవండి. ఇంట్లో గురి కుదిర్చిన తూటాల పెట్టె లాట్ నంబరు (తయారీ విడత నంబరు), తీసుకెళ్లే పెట్టెల లాట్ నంబరు ఒకటే అయి ఉండాలి.

చలి: చల్లబడిన తూటా మందుతో గుండు వేగం కొంచెం తగ్గుతుంది, దాని గురించి బెంగ వద్దు. ఇబ్బంది పెట్టేది నూనె. హ్యూస్టన్ తేమకు తుప్పు పట్టకుండా మీరు బోల్టు లోపల పోసిన నూనె సున్నాకు 20 డిగ్రీల కింద జిగురవుతుంది. ఫైరింగ్ పిన్ను మెల్లగా కదులుతుంది, ప్రైమర్ మీద చిన్న గుంట మాత్రమే పడుతుంది, మీకు వినపడేది 'టిక్' అనే శబ్దం. బయల్దేరేముందు బోల్టు విప్పి, నూనె వదిలించే ద్రావకంతో లోపలంతా కడిగి ఆరనిచ్చి, పొడి గ్రాఫైట్ లాంటిది కొద్దిగా రాయండి. కడిగేటప్పుడు ద్రావకం స్టాకు మీద పడకుండా చూడండి.

ఇంకోటి: సాయంత్రం గడ్డకట్టిన రైఫిల్‌ను వెచ్చటి క్యాబిన్‌లోకి తెచ్చి గోడకు ఆనించకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలాగా చెమట పడుతుంది, బ్యారెల్ లోపల, బోల్టు లోపల, స్కోపు అద్దం మీద. మర్నాడు పొద్దున బయటికి తీస్తే ఆ చెమటే మంచుగడ్డ. బయటే, జిప్పు మూసిన సంచిలో, తాళం వేసిన చోట ఉంచండి. లోపలికి తేక తప్పకపోతే సంచి జిప్పు తియ్యకుండా నాలుగైదు గంటలు అలాగే వదిలేయండి. బ్యారెల్ మూతికి ఒక చుట్టు పలుచటి ఇన్సులేషన్ టేపు వేస్తే మంచు లోపలికి పోదు, టేపు ఉన్నా కాల్చొచ్చు.

మీ సంగతి: మన ఫంక్షన్లలో టిఫిన్ పెట్టే కాగితపు పళ్లెం ఉంటుంది చూడండి, ఎనిమిది అంగుళాలది, అదే గురి. కూర్చుని, మోకాళ్ల మీద కొట్టండి. నిలబడి, కర్రల ఆసరాతో కొట్టండి. నూరడుగులు పరిగెత్తి వచ్చి కొట్టండి. మూడింటికి మూడూ పళ్లెంలో పడే దూరమే మీ హద్దు. అది 140 గజాలైతే గైడ్‌కు 140 అనే చెప్పండి. సిగ్గుపడి 300 అంటే ఆయన 300 గజాల జంతువునే చూపిస్తాడు.

ప్రశ్న: నేను కెనడా పౌరుణ్ని. అమెరికాలోని మోంటానాలో ఎల్క్ (పెద్ద దుప్పి) వేటకు నా రైఫిల్‌తో వెళ్లాలి. – టొరంటో దగ్గర్లోని బ్రాంప్టన్

జవాబు: మీకు అమెరికా ఏటీఎఫ్ (తుపాకుల నియంత్రణ చూసే కేంద్ర సంస్థ) వారి 6ఎన్ఐఏ అనే దిగుమతి అనుమతి కావాలి. ఫీజు లేదు గానీ వారాలు పడుతుంది, రెండు నెలల ముందే పంపండి. దానికి ఏదో ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు జతచేయాలి, అది మీరు సరిహద్దు దాటే రోజుకీ చెల్లుబాటులో ఉండాలి. రైఫిల్ వివరాలతో పాటు తూటాలు కూడా అందులో రాయాలి. చాలామంది తూటాల గడి ఖాళీగా వదిలేస్తారు, అప్పుడు రైఫిల్‌ను రానిచ్చి తూటాలు వదిలేయమంటారు. లైసెన్సు మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయి ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన పాత తలనొప్పి ఇక్కడ కూడా తప్పదు.

మోంటానాలో బయటివాళ్లకు ఎల్క్ లైసెన్సు లాటరీ, దరఖాస్తుకు ఆఖరు తేదీ ఏప్రిల్ 1. బయల్దేరేటప్పుడు కెనడా కస్టమ్స్ దగ్గర బీఎస్‌ఎఫ్ 407 కార్డు రాయించుకోండి, అది మీ వైపు 4457 లాంటిది. మీ పాల్ (PAL, కెనడా తుపాకీ లైసెన్సు) కార్డు వెంట ఉండాలి. మోంటానాలో వేటాడేటప్పుడు నడుము పైన 400 చదరపు అంగుళాల నారింజ రంగు బట్ట తప్పనిసరి, లోపల వేసుకుంటే లెక్కలోకి రాదు.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట మద్యం తాగి కారు నడిపిన కేసులో శిక్ష పడింది. వేటకు ఏమైనా అడ్డమా? – న్యూజెర్సీ

జవాబు: వేట సంగతి అటుంచండి, కెనడా ప్రవేశానికే అడ్డం. 2018 డిసెంబరు 18 నుంచి కెనడా దాన్ని తీవ్ర నేరాల్లో చేర్చింది. అమెరికాలో చిన్న కేసు కింద లెక్కేసినా కెనడా కొలత వేరు. శిక్ష పూర్తయి ఐదేళ్లయ్యాక పునరావాస (పాత నేరం ఇక అడ్డం కాకుండా చేయమనే) దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతలోపు తాత్కాలిక అనుమతి పత్రం ఒక్కటే దారి. ఔట్‌ఫిట్టర్‌కు అడ్వాన్సు కట్టకముందే వలస లాయర్‌ను కలవండి. అడ్వాన్సు వెనక్కి రాదు.

ప్రశ్న: మాంసం, కొమ్ములు ఇంటికి తెచ్చుకోవచ్చా? కొమ్ములు హైదరాబాదులో మా నాన్నగారి ఇంట్లో గోడకు పెడదామని ఉంది. – ఛార్లెట్

జవాబు: అమెరికాకు తేవచ్చు. వేట లైసెన్సు, ట్యాగు నకళ్లు, వన్యప్రాణి శాఖ ఫారం 3-177 నింపి ఉంచుకోండి. మాంసం ఎముకలు తీసేసినదై ఉండాలి. దుప్పుల్లో వచ్చే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి భయంతో చాలా రాష్ట్రాలు మెదడు, వెన్నుపాము ఉన్న భాగాలు రానివ్వవు. 2024 జనవరిలో ఆ వ్యాధి బ్రిటిష్ కొలంబియాలో కూడా బయటపడింది. కొమ్ములు తెస్తే పుర్రె పలక మీద మాంసం, మెదడు పీచు మిగలకుండా ఉడకబెట్టి గీకాలి. మూస్, ఎల్క్‌లకు సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) గొడవ లేదు, నల్ల ఎలుగుబంటి, తోడేళ్లకు ఉంది, వాటి కాగితాలు వేరు.

మగ మూస్ నుంచి 200 కిలోలకు పైగా మాంసం వస్తుంది. అదంతా విమానంలో తేవడం అయ్యే పని కాదు. 20 కిలోలు గడ్డకట్టించి మందపాటి కూలరులో తెచ్చుకుని, తక్కినది అక్కడ ఇచ్చేయడం మంచిది. డ్రై ఐస్ మనిషికి రెండున్నర కిలోల దాకానే, అదీ విమాన సంస్థ ఒప్పుకుంటేనే. కొవ్వు తక్కువ మాంసం కాబట్టి కీమాకు బాగా కుదురుతుంది. లివర్ వేపుడు ఇష్టపడేవాళ్లకు ఒక హెచ్చరిక: మూస్ కాలేయం, మూత్రపిండాల్లో కాడ్మియం పేరుకుంటుంది, కొన్ని రాష్ట్రాల ఆరోగ్య శాఖలు అవి తినొద్దనే చెబుతున్నాయి.

హైదరాబాదు ఆలోచన మానుకోండి. వన్యప్రాణుల కొమ్ములు, చర్మాలు సామానులో వేసుకుని భారతదేశానికి తేవడానికి వీల్లేదు, అనుమతి పత్రాలు లేకుండా దిగితే కస్టమ్స్ వాళ్లు ఉంచేసుకుంటారు, కేసు కూడా కావచ్చు. ఫోటో పెద్దదిగా ప్రింటు తీయించి పంపండి.

ఇంకొకటి, ఇది కొమ్ములకంటే ముఖ్యం. వేటకు వాడిన సంచిని భారతదేశ ప్రయాణానికి వాడకండి. పక్క జేబు అడుగున, లైనింగు చిరుగులోకి జారిన ఒక్క తూటా ఎక్స్‌రేలో కనబడితే, ఆయుధాల చట్టం కింద కేసు రాసి విమానం నుంచి దింపేస్తారు. "తెలీదు, మరిచిపోయాను" అన్నది తరవాత కోర్టులో చెప్పుకోవాల్సిన మాట, విమానాశ్రయంలో పనికొచ్చే మాట కాదు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు కొత్త సంచి కొనుక్కోండి, పాతదాని మీద మార్కరుతో 'వేట' అని రాసి గరాజులో వేలాడదీయండి.